రమణమ్మ ఉంగరం, ఖయ్యూం గేరు

వెంకటరమణమ్మ కొత్త బండి కొంటోందన్న కబురు, ఫిషింగ్ హార్బరులో చేపల వేలంపాట మొదలయ్యే లోపే ఈ కొస నుంచి ఆ కొసకు పాకిపోయింది. ఐసు పెట్టెల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న రోజారమణి ముందుగా అందుకుంది. రమణమ్మ పక్కనే రొయ్యలు అమ్మే మనిషి, ఏళ్ళ తరబడి రమణమ్మను ఆటపట్టించడం కూడా వ్యాపారంలో భాగమే అనుకునే మనిషి.

"ఏటి రమణమ్మా, ఏరోప్లేను కొంతన్నావంట."

"ఏరోప్లేను కొండెక్కదే. నాను కొనేది కొండెక్కాలి."

"ఐసూ సేపలూ మోసే బండికి అంత గుర్రపు బలం ఎందుకమ్మా? అరకులో రాజుగారి కోట గానీ లాక్కొత్తావా?"

"నువ్వు కూడా ఎక్కుతానంటే ఆ మాత్రం బలం ఉండాల మరి," అంది రమణమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. రోజారమణి కూడా నవ్వింది. ఆవిడ ఒళ్ళు ఆవిడకు తెలియనిది కాదు.

వెంకటరమణమ్మ గొప్పలు చెప్పుకునే మనిషే. చెప్పుకోదగ్గ గొప్పలు ఉన్నప్పుడు ఎందుకు చెప్పుకోకూడదు? ఉప్పాడ దగ్గర చిన్న పల్లెలో పుట్టి, ఐదో తరగతి దాకా చదివి, ఇనస్పెక్టరు వచ్చిన రోజున ఇరవయ్యో ఎక్కం తడుముకోకుండా అప్పజెప్పి పలకా బలపం బహుమానం పుచ్చుకుంది. పెళ్ళై మొగుడి వెంట విశాఖపట్నం వచ్చి, నెత్తిమీద తట్టతో మల్కాపురం వీధుల్లో చేపలు అమ్మింది. ఐసు వేసి సముద్రపు చేపను అరకు సంతకు పట్టుకెళ్ళి, దాని కళ్ళల్లో మెరుపు పోకుండా అమ్మిన ఆడమనిషి తన ఎరికలో తానొక్కతే. హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన వారంలోనే, చెట్లు కూలిన ఘాట్ రోడ్డు మీద నరికేవాళ్ళ వెనకాల నెమ్మదిగా పాకుతూ వెళ్ళి కొండ మీద హోటళ్ళకు వంజరం చేపలు అందించింది. ఇవన్నీ ఆవిడ నోట ఎవరైనా వినవచ్చు. వరస కూడా మారదు.

ఒక్క సంగతి మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అది ఖయ్యూం సంగతి.

ఖయ్యూం విశాఖ పాతబస్తీ మనిషి. తండ్రి తాళాలు బాగుచేసేవాడు. ఖయ్యూముకు తాళాల కంటే తాళంచెవి తిప్పగానే కదిలేవి ఇష్టం. రమణమ్మ అరకు బేరం మొదలెట్టిన రోజుల్లో, చేపల వాసన తమ బండికి పడుతుందని అద్దె వ్యానుల వాళ్ళు ముఖం తిప్పుకుంటే, "వాసన పడితే కడుగుతామక్కా, కడిగితే పోతుంది," అని వచ్చినవాడు ఖయ్యూం. ఆ రోజు నుంచి రమణమ్మకు ఆయన ఖయ్యూం భాయ్, ఆయనకు ఆవిడ అక్క. తర్వాత ఆవిడ సొంత వ్యాను కొన్నా స్టీరింగు ఆయనదే.

ఆయన గొప్పలు కూడా తక్కువేమీ కావు. ఇంజను ఏడవకుండా గేరు మార్చగలిగినవాడే డ్రైవరు అంటాడు. మీటరు చూసి గేరు మార్చేవాణ్ణి లెక్కలోకి తీసుకోడు. "ఇంజను మాటాడతాదక్కా. దాని మాట ఇనాలి. శృంగవరపుకోట దాటినాక అది నాతో మాటాడినంత మా ఇంటావిడ కూడా మాటాడదు," అనేవాడు.

పాత వ్యానులో ఇంజను సీటు కిందే. వేడీ, చప్పుడూ రెండూ నడుములోకి ఎక్కేవి. ముందు సీటులో కిటికీ పక్క సరుకు దింపే మనిషి కూర్చుంటే, మధ్యలో రమణమ్మ కూర్చునేది. చేప ఎక్కడుంటే తానక్కడ ఉండాలన్నది ఆవిడ పద్ధతి. గేరు రాడ్డు సరిగ్గా ఆవిడ కుడి మోకాలి పక్కన. మూడో గేరు వేస్తే మోకాలికి తగిలేది, రెండు వేస్తే దూరం జరిగేది. అలా ఏళ్ళ తరబడి ఆ మోకాలు గేర్లన్నీ నేర్చుకుంది. చెవి ఇంజను నేర్చుకుంది.

కొన్నేళ్ళ కిందట ఒక రోజు, అనంతగిరి మలుపుల్లో ఎక్కుతుంటే ఇంజను మూడో గేరులో ఆయాసపడసాగింది. ఖయ్యూం మార్చలేదు. ఇంజను గొల్లుమంది. ఆయన ప్రశాంతంగా రోడ్డు చూస్తూ, మనవరాలు మాహిరా స్కూల్లో పాడిన పాట గురించి చెబుతున్నాడు. రమణమ్మ తల తిప్పి ఆయన మొహం చూసింది. ఖయ్యూముకు ఇంజను వినపడటం లేదు. మనిషి మాట వినిపిస్తోంది, హారను వినిపిస్తోంది, అడుగున మూలిగే ఇంజను మాత్రం ఆయన చెవికి చేరడం లేదు. ఇన్నేళ్ళు సీటు కింద ఇంజను పెట్టుకుని తిరిగిన ఫలితం అది.

"నీకు సెవుడొచ్చింది భాయ్" అని ఆ మాట ఎలా అంటుంది? ఆవిడ వేలికి పగడం పొదిగిన వెండి ఉంగరం ఉంది. విసుగొచ్చినట్టు ముందు డాష్‌బోర్డు మీద టక్కు టక్కుమని రెండుసార్లు కొట్టి, "మోకాలు నొప్పెడతాంది భాయ్, ఆ రాడ్డు కాత్త అటు తీ," అంది. ఆయన రెండో గేరు వేశాడు. ఇంజను ఊపిరి పీల్చుకుంది.

అప్పటి నుంచి అదే అలవాటు. రెండు టక్కులంటే కింది గేరు, ఒక్క టక్కంటే పై గేరు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. మధ్యమధ్య రమణమ్మ మోకాలిని తిట్టుకునేది. ఖయ్యూం భార్య చాంద్ సుల్తానా ఒకసారి ఫ్లాస్కులో టీ ఇస్తూ, "ఇంట్లో టీవీ పెడితే వీధంతా వింటుందక్కా," అంది. రమణమ్మ మోకాలు రుద్దుకుంటూ ఫ్లాస్కు అందుకుంది.

ఇప్పుడు ఆ వ్యాను అరిగిపోయింది. అరకు హోటళ్ళ వాళ్ళు సరుకు పెంచమంటున్నారు. కూతురు శ్రీసత్య ఫోనులో వెతికి వెతికి, నాలుగు చక్రాలూ లాగే పెద్ద డీజిలు పికప్పు ఒకటి చూసింది. ముందు మనుషులు కూర్చోవడానికి రెండు వరసలు, వెనక సరుకుకు తొట్టి. ఇంజను ఒకటే, గేరు బాక్సులు మాత్రం రెండు రకాలు. చేత్తో వేసే ఆరు గేర్లది ఒకటి, తనంతట తానే వేసుకునే ఆటోమేటిక్ ఇంకొకటి.

"ఆటోమేటిక్ తీసుకుందాం అమ్మా. అవసరమైతే నేనూ నడపగలను. ఖయ్యూం మామకి కూడా కాస్త విశ్రాంతి," అంది శ్రీసత్య.

ఖయ్యూం మొహం మాడిపోయింది. "ఆటో గేరు బండి నడిపేవోడు డ్రైవరు కాదమ్మా, వాచ్‌మేను. సీట్లో కూసుని కాపలా కాయడమే. నాకు హ్యాండు గేరే కావాలి."

రమణమ్మకు ఇరకాటం అక్కడే వచ్చింది. చేతి గేరు కొంటే ఆ ఉంగరం దొంగాట ఎన్నాళ్ళు సాగుతుంది? ఏదో ఒక మలుపులో బయటపడుతుంది, లేదా ప్రాణం మీదికి వస్తుంది. ఆటోమేటిక్ కొంటే, నువ్వు పనికిరావని మొహం మీద చెప్పినట్టే. ఖయ్యూం ఆ రోజే తాళంచెవి బల్ల మీద పెట్టి సలాం కొట్టి వెళ్ళిపోతాడు. ఆయన లేని అరకు రోడ్డు ఆవిడకు రోడ్డు కాదు.

"నా మోకాలికి ఆటోమేటిక్కే మంచిదేమో భాయ్," అని మెల్లగా అంది.

"కొత్త బండిలో రాడ్డు నీ మోకాలికి తగల్దక్కా. నీ సీటు వేరే," అన్నాడు ఖయ్యూం.

షోరూములో రోహిత్ అనే కుర్రవాడు కలిశాడు. మంచివాడు. ఆవిడ చీరకు చేపల వాసన వస్తున్నా ముక్కు కదపలేదు, కుర్చీ తనే తెచ్చి వేశాడు. ఏ బండి కావాలో కొండ మీదే తేలుతుందని రమణమ్మ అంటే, "అయితే యారాడ కొండ ఎక్కిద్దాం మేడమ్," అన్నాడు. ముందు చేతి గేరు బండి తీశారు. రోహిత్ ముందు కూర్చోబోతే రమణమ్మ ఆపింది.

"అది నా సీటు బాబూ. నువ్వు మా అమ్మాయితో యెనక్కి ఎక్కు."

సింధియా జంక్షను దాటి కొండ రోడ్డు పట్టారు. ఖయ్యూం కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. మొదటి మలుపు దాకా ఎడమ చెయ్యి రాడ్డు మీద, కళ్ళు రోడ్డు మీద, గెడ్డం పైకెత్తి రాజాలా నడిపాడు. వెనక నుంచి రోహిత్ గుణాలు వర్ణిస్తున్నాడు.

"చూడండి మేడమ్, అద్దాలు ఎక్కిస్తే ఇంజను శబ్దమే లోపలికి రాదు. ఇంట్లో కూర్చున్నట్టుంటుంది."

అది నిజమని రమణమ్మకు అప్పుడే తెలిసింది. సీటు కింద ఇంజను లేదు. వేడి లేదు, అదురు లేదు. ఏసీ హాయిగా గుసగుసలాడుతోంది. ఆవిడ చెవి రిక్కించింది. ఏమీ లేదు. ఏ గేరులో ఉందో మోకాలికి తెలియదు, చెవికి తెలియదు. ఉంగరం వేలు డాష్‌బోర్డు మీద గాలిలో ఆగిపోయింది.

ఖయ్యూం ఓరకంట ఆ వేలినే చూస్తున్నాడు.

బండి నాలుగో గేరులోనే నిట్టనిలువు మలుపులోకి దూరింది. బలమున్న ఇంజను కదా, సణగకుండా, మూలగకుండా లాగింది. ఆవిడ చప్పుడు కోసం చూస్తోంది, ఆయన టక్కు కోసం చూస్తున్నాడు. ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తుండగానే బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

వెనక్కి జారలేదు, ఆ ఏర్పాటేదో బండిలో ఉంది. కానీ వెనకాల యారాడ బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి అరిచాడు. "ఏటి బావా, కొండ కొత్తా, క్లచ్చి కొత్తా?"

బస్సులో ఎవరో నవ్వారు. ఖయ్యూం తల తిప్పలేదు. మళ్ళీ స్టార్టు చేసి బండిని పక్కకు తీసి, బస్సుకు దారిచ్చాడు. తర్వాత బండి ఆపి, దిగి, తాళంచెవి రోహిత్ వైపు చాచాడు.

"ఆటోమేటిక్ రాసుకో బాబూ. శ్రీసత్యమ్మ నడుపుతాది."

రోహిత్ కంగారుపడ్డాడు. "కొత్త బండి కదా సార్, ఎవరికైనా అవుతుంది. క్లచ్ అలవాటు కావాలి."

"నాకు అలవాటు కావడానికి ఇంకేం మిగిలింది బాబూ," అన్నాడు ఖయ్యూం. కొండ అంచు వైపు తిరిగి నిలబడ్డాడు.

రమణమ్మ దిగలేదు. తలుపు మీద వేళ్ళతో తడిమింది. అద్దం దించే పిడి లేదు, బొత్తాలున్నాయి. ఒకటి నొక్కితే ఏదో లాకు పడింది. ఇంకోటి నొక్కితే అద్దం జారింది. ఉప్పుగాలి లోపలికి కొట్టింది.

"భాయ్, ఎక్కు."

"వద్దక్కా."

"నాను అరకు సంతకి మొదటిసారి ఎల్లినపుడు నన్ను ఎక్కించుకున్నది నువ్వే. ఇవాళ నాను ఎక్కమంతన్నాను. ఎక్కు."

ఖయ్యూం ఎక్కాడు. ఆవిడ ఆయన పక్క అద్దం కూడా దించమంది.

"ఏసీ వేస్ట్ అవుతుంది మేడమ్," అన్నాడు రోహిత్.

"ఏసీ నీ కాడే ఉంచుకో బాబూ. నాకు ఇంజను కావాల."

బండి కదిలింది. ఇప్పుడు వినపడింది. పాత వ్యానులా దగ్గు కాదు, లోతైన గొంతు. అయినా ఏ భాషైతేనేం, ఆయాసం ఆయాసమే. రమణమ్మ కళ్ళు మూసుకుంది. ఒక్క టక్కు. ఖయ్యూం రెండో గేరు వేశాడు. కొంత దూరం పోయాక ఇంకో టక్కు, మూడు. మలుపు రాగానే టక్కు టక్కు. రాడ్డు వెన్నలో కత్తిలా కిందికి జారింది. బండి కొండను పాత చుట్టాన్ని పలకరించినట్టు ఎక్కేసింది.

"మేడమ్ ఏంటి అలా కొడుతున్నారు?" అని రోహిత్ నెమ్మదిగా అడిగాడు.

శ్రీసత్య కాసేపు తల్లి చేతినే చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "అలవాటులెండి," అంది.

కొండ మీద బండి ఆపారు. దూరంగా కింద ఓడలు, నీళ్ళకు అవతల హార్బరు, అగ్గిపుల్లల్లా పడవలు. పిల్లలిద్దరూ వెనక తొట్టి కొలతలు చూస్తుంటే, పెద్దవాళ్ళిద్దరూ రాతి గోడ మీద కూర్చున్నారు.

"ఎప్పుడు తెలిసిందక్కా?" అన్నాడు ఖయ్యూం.

"ఏది?"

"అదే."

"నాకేటీ తెల్దు. మోకాలు నొప్పని కొట్టీదాన్ని."

ఖయ్యూం నవ్వాడు. "మొదట నాను కూడా అలాగే అనుకున్నా. అక్కకి వయసైపోయింది, విసుగెక్కువైంది అనుకున్నా. ఒకసారి శ్రీసత్యమ్మకి జొరమొచ్చి నువ్వు రాలేదు, గుర్తుందా? ఆ రోజు నీ బండి అనంతగిరిలో అడుగడుక్కీ ఆగిపోయింది. బండి పాడైందని మెకానిక్కు మోహన్ కాడికి తోలుకెళ్ళా. వాడు మొత్తం ఇప్పి సూసి, బండి బంగారంలా ఉంది బాబాయ్ అన్నాడు." చెవి తడుముకున్నాడు. "ఆ రోజు తెలిసింది, పాడైంది బండి కాదని."

రమణమ్మ ఉంగరం తిప్పుకుంటూ కూర్చుంది. అంటే ఇన్నేళ్ళూ తాను దాచిపెట్టానని మురిసిపోయిన రహస్యాన్ని ఆయన కూడా తన వైపు నుంచి దాస్తూ వచ్చాడు.

"తెలిసి మరి ఆటోమేటిక్ వద్దంటావేటి? నీకోసమే కదా నానది అడిగింది."

"గేర్లు అవే పడిపోతే నువ్వు బండిలో ఎందుకు అక్కా? హోటలోళ్ళు ఫోన్లో మాటాడేత్తన్నారు. శ్రీసత్యమ్మ ఇంట్లో కూసోమంటాది. నువ్వు కూసుంటావ్. అప్పుడు ఆ కొండ నాను ఒక్కణ్ణీ ఎక్కాల. ఇంజనూ మాటాడదు, నువ్వూ మాటాడవు. సెవిటోణ్ణి అప్పుడవుతా నాను."

రమణమ్మ ఉంగరం తిప్పడం ఆపింది. ఇలాంటప్పుడు ఆవిడకు తెలిసిన మందు ఒక్కటే.

"నాను ఇంట్లో కూసుంటానా? ఇనస్పెక్టరు ముందర ఇరవయ్యో ఎక్కం సెప్పినదాన్ని. తట్ట నెత్తిన ఎట్టుకుని మల్కాపురం అంతా తిరిగినదాన్ని. అరకు సంతకి..."

"సముద్రపు సేప ఎక్కించిన ఆడమనిషివి. హుద్‌హుద్‌లో వంజరం అమ్మినదానివి. తెలుసక్కా, పక్కనే ఉన్నా కదా," అన్నాడు ఖయ్యూం.

"ఉన్నావు కదా. మరి లే. రెండో బండి కూడా సూద్దాం. సూడకుండా సేప కూడా కొన్ను నాను."

మధ్యాహ్నం అదే కొండ మీదికి ఆటోమేటిక్ బండి ఎక్కించారు. అద్దాలు రమణమ్మే దించింది. ఎక్కేటప్పుడు బండి తన గేర్లు తానే వేసుకుంది. ఆయాసం మొదలవక ముందే కిందికి, తేలికపడగానే పైకి. రమణమ్మ వేలు ఒకటి రెండుసార్లు లేచి, పని లేక ఒళ్ళోకి వచ్చేసింది. ఖయ్యూం ఎడమ చెయ్యి కూడా ఎక్కడ పెట్టాలో తెలియక తొడ మీద పడుకుంది. చేతి గేరు బండిలో ఆగిపోయినప్పటి సిగ్గు లేదు కానీ, ఇద్దరి మొహాల్లోనూ పండగ లేదు.

దిగేటప్పుడు బండి బరువుకు జారడం మొదలెట్టింది. ఖయ్యూం బ్రేకు తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. అనంతగిరి దాటాక అరకు లోయలోకి చేపలూ ఐసూ నింపుకుని ఇలా బ్రేకు మీద దిగితే బ్రేకులు కాలి వాసనొస్తాయని ఇద్దరికీ తెలుసు.

"సార్, ఘాట్ దిగేటప్పుడు ఆ లివరు పక్కకి జరపండి," అన్నాడు రోహిత్ వెనక నుంచి. "పైకి అంటే పై గేరు, కిందికి అంటే కింది గేరు. క్లచ్ ఉండదు. మీరు పెట్టిన గేరును అది పట్టుకుని ఉంటుంది."

ఖయ్యూం లివరు జరిపాడు. గేరు పట్టుకుంది. బండి వేగం కొంత తగ్గింది కానీ చాలలేదు. కిటికీలోంచి వచ్చే ఇంజను గొంతులో ఇంకా బిగువు రాలేదని రమణమ్మ చెవి చెప్పింది. మలుపు కనబడుతోంది.

టక్కు టక్కు.

ఖయ్యూం లివరు కిందికి అన్నాడు. ఇంజను గంభీరంగా గొంతు సవరించుకుని బండిని వెనక్కి పట్టింది. బ్రేకు మీద కాలు పెట్టకుండానే మలుపు తిరిగారు.

"ఇది ముందే సెప్పాల కదా బాబూ," అన్నాడు ఖయ్యూం. "ఎక్కడం ఎవడైనా ఎక్కుతాడు. దిగడమే కదా డ్రైవింగంటే."

కొండ దిగే దాకా టక్కు ఒక్కటే మాట్లాడింది.

షోరూములో రోహిత్ అడిగాడు. "ఏది రాయమంటారు మేడమ్?"

రమణమ్మ ఖయ్యూం వైపు చూసింది. ఖయ్యూం చొక్కా సర్దుకుని, బాగా ఆలోచించి తీర్పు చెప్పేవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"ఆటోమేటిక్ రాయి బాబూ. నాకైతే హ్యాండు గేరే. కానీ మా అక్కకి మోకాలు నొప్పి."

"సానా నొప్పి," అంది రమణమ్మ.

కూతురు ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత తల్లి చెవిలో, "ముందు సీటు నీదే అమ్మా. నేను వచ్చినా వెనకే కూర్చుంటాను," అంది.

బండి వచ్చాక మొదటి లోడు వంజరం, చందువ. హార్బరులో ఐసు నింపుతుంటే రోజారమణి బండి చుట్టూ తిరిగి చూసి, "ఇంత ఏసీ బండి కొని అద్దాలు దించుకు పోతావేటే, మతి గానీ పోయిందా?" అంది.

"సేపలోళ్ళకి ఏసీ ఎందుకే. మాకు గాలి కావాల," అని రమణమ్మ తలుపు వేసుకుంది.

కొన్ని నెలల తర్వాత బండిని సర్వీసుకు ఇచ్చారు. రోహిత్ లోపల చూస్తూ, ఎడమ పక్క డాష్‌బోర్డు మీద చిన్న చిన్న గుంటలు గుంపుగా పడి ఉండటం గమనించాడు.

"ఇక్కడ ఏదో బాగా తగిలినట్టుంది సార్. పైన కవరు మార్పించెయ్యమంటారా?"

ఖయ్యూం ఆ గుంటల మీద బొటనవేలితో ఒకసారి రాశాడు.

"బండంతా నీ ఇష్టం బాబూ, ఏం మారుత్తావో మార్చు," అన్నాడు. "ఆ సోటు మాత్రం ముట్టుకోకు. దాంతోనే నాను కొండ దిగీది."